నిద్రకు సాక్షి

జూన్ 2

ఈ రోజు నుంచి మా ఆసుపత్రి సిబ్బందికి ధ్యానం. నిద్ర పట్టనివాళ్ళకి, ఒంటరిగా అనిపించేవాళ్ళకి అని నోటీసులో రాశారు. అంటే అందరికీ. నేను నర్సింగ్ ఆఖరి ఏడాది విద్యార్థిని, పైగా చురుకైన పిల్లనని పేరు, కాబట్టి కుర్చీలు వేసే పని నాకు పడింది. చురుకు అనిపించుకోవడం ఎంత ప్రమాదమో ఇన్నాళ్ళూ తెలియలేదు.

నేర్పేది సైకాలజిస్టు మేడమ్. గొంతు దూదిలా ఉంటుంది. ప్రతి ఒక్కరికీ ఒక జోడీ ఉండాలంది. పక్కపక్కన కూర్చోవాలి, ఒకరి నిద్ర సంగతి ఒకరు కనుక్కోవాలి, నెలాఖరుకి రాసివ్వాలి. చీటీలు తీశారు. నాకు అలారం సిస్టర్ వచ్చింది.

అలారం సిస్టర్ అంటే ఐసీయూ హెడ్ సిస్టర్. మానిటర్ మోగకముందే మంచం దగ్గర ఉంటుందని మా బ్యాచ్ పెట్టిన పేరు. నా చీటీ చూసి అందరూ వరసగా వచ్చి పరామర్శించారు.

జూన్ 3

ఆవిడ ఈ క్లాసుకి ఎందుకొచ్చిందో తెలిసింది. కిందటి నెలలో ఒక పేషెంటుకి ఎక్కించాల్సిన మందు పక్క మంచం పేషెంటుకి తగిలించబోయింది. ఇంకో సిస్టర్ చెయ్యి పట్టుకుని ఆపింది. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఈవిడే తిన్నగా సూపరింటెండెంట్ దగ్గరికెళ్ళి, నాకు నిద్ర ఉండటం లేదు, అందుకే ఇలా జరగబోయింది అని చెప్పేసింది. ఆయన ఆగస్టు మొదటి వారం దాకా గడువిచ్చారు. నిద్ర దారిలో పడుతోందని మేడమ్ రాసిస్తే ఐసీయూ. లేకపోతే స్టోర్స్, దుప్పట్లు లెక్కపెట్టుకోవడం. అప్పటిదాకా ఆవిడ ఏ మందు ఎక్కించినా పక్కన రెండో మనిషి ఉండి చూడాలి.

సగం ఆసుపత్రికి సూది పట్టుకోవడం నేర్పిన మనిషి. ఇప్పుడు ఆవిడ చేతికే కాపలా.

జూన్ 5

కళ్ళు మూసుకొని మీ శ్వాసను గమనించండి అంది మేడమ్. గది నిండా నర్సులు. నర్సుని శ్వాస గమనించమంటే ఏం చేస్తుంది? లెక్కపెడుతుంది. అయ్యాక ఎలా అనిపించిందని మేడమ్ అడిగితే ఒకావిడ పద్దెనిమిది అంది, వెనకనుంచి ఇంకొకావిడ పదహారు అంది. మేడమ్ ముఖం చూడాలి. అంకెలు వద్దు, అనుభవం చెప్పండి అని బతిమాలింది. పదిహేడు అని సర్దుకుంది రెండో ఆవిడ.

అలారం సిస్టర్ మాత్రం నా వైపు తిరిగి, "నీది ఇరవై నాలుగు. ఏమ్మా, ఏడ్చి వచ్చావా?" అంది.

తన శ్వాస చూసుకోమంటే నా శ్వాస చూస్తోంది. అందరి ముందూ. జలుబని చెప్పాను.

జూన్ 6, ఉదయం

జలుబు కాదు.

జూన్ 9

మేడమ్ ఇచ్చిన ఫారంలో నిద్రకి రెండే గళ్ళు. పట్టింది, పట్టలేదు. అంతేనా? కునుకు ఉంది. మాగన్ను ఉంది. కలత నిద్ర, కోడి నిద్ర, మొద్దు నిద్ర. మగత వేరు, తూగు వేరు, జోగడం వేరు. ఇన్ని మాటలు కూడబెట్టినవాళ్ళు ఎంత నిద్రపోయి ఉంటారో, లేక ఎంత మేలుకుని ఉంటారో. నేను గళ్ళ పక్కన "మాగన్ను" అని రాశాను. మేడమ్ దాన్ని కొట్టేసి ఏదో ఒక గడిలో టిక్కు పెట్టమంది. కోపమొచ్చింది. ఎంత మంచి మాట అది.

హాస్టల్లో నా రూమ్మేట్‌ది రాత్రి డ్యూటీ, నాది పగలు. ఆమె వస్తుంది, నేను వెళతాను. గుమ్మంలో మా సంభాషణ మొత్తం ఇదే: గీజర్ ఆపావా, ఆపాను. అమ్మ ఫోన్‌లో నిద్రపోతున్నావా తల్లీ అని అడుగుతుంది. హాయిగా అంటాను. లేదంటే ఆవిడకీ నిద్ర ఉండదు. ఇంటికి ఒకరు మేలుకుంటే చాలు.

జూన్ 16

అలారం సిస్టర్ క్లాసులో నిద్రపోయింది. మామూలుగా కాదు, గుర్రు పెట్టి. మేడమ్ దూది గొంతుతోనే లేపి, ధ్యానం అంటే ఎరుక, నిద్ర కాదు అని చెప్పింది. నిద్ర కోసం పెట్టిన క్లాసులో నిద్రపోకూడదట! ఆకలని వచ్చినవాళ్ళకి వడ్డించి, తినకండి, అన్నాన్ని గమనించండి అన్నట్టుంది.

బయటికొచ్చాక సిస్టర్‌ని అడిగాను, ఇక్కడ పట్టే నిద్ర ఇంట్లో ఎందుకు పట్టదని.  భర్త పోయాక ఇంట్లో తనొక్కతేనట.

"ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు పిల్లా. ఐసీయూలో చప్పుడు ఆగిందంటే ఏమిటో నీకు తెలుసు కదా."

అందుకని రాత్రి మాటిమాటికీ లేచి చూసొస్తుందట. ఎవరిని చూస్తారు అన్నాను. ఎవరున్నారు, ఫ్రిజ్‌ని చూస్తాను అంది.

జూన్ 30

నెలాఖరు. సిస్టర్ ఫారంలో "పట్టలేదు" గడిలో టిక్కు పెట్టి ఇచ్చాను. ఇంకో నెల.

జూలై 4

ఇప్పుడు ధ్యానానికి యాప్ కూడా. మేడమ్ గొంతే. రాత్రి పడుకునే ముందు వినాలి. సిస్టర్ వింటోంది కానీ దానితో పోట్లాడుతోంది. శరీరం బరువెక్కుతోంది అనుకోండి అంటుందట. అనుకోవడం దేనికి, డెబ్బై కేజీలున్నాను అందట సిస్టర్. ఆలోచనలను మబ్బుల్లా పోనివ్వండి అంటుందట. ఎవరికి అప్పజెప్పి పోనివ్వాలి, డ్యూటీ దిగేటప్పుడు పేషెంట్లని ఎవరికీ అప్పజెప్పకుండా వెళ్ళిపోతామా అందట.

నేను వింటుంటే నాకు తోడు ఉన్నట్టే ఉంటుంది. గొంతు ఆగగానే గది ఇంకా పెద్దదవుతుంది.

జూలై 15

మిగతా జోడీలన్నీ ఇప్పటినుంచే "పట్టింది, పట్టింది" అని టిక్కులు పెట్టేసుకుని కూర్చున్నాయి. క్యాంటీన్‌లో నా కళ్ళ ముందే. అందుకని సిస్టర్‌తో మెల్లిగా అన్నాను, నేనూ అలాగే పెట్టేస్తాను, వచ్చి చూసేవాళ్ళెవరని.

అంతే. వరండాలో నిలబెట్టి కడిగేసింది. "చూడకుండా రాసే చెయ్యి ఐసీయూలో అడుగు పెట్టకూడదు. ఈ రోజు నా నిద్ర రాస్తావు, రేపు మనిషి బీపీ రాస్తావు." ఇంకా చాలా అంది. వార్డు బాయ్ కూడా ఆగి విన్నాడు. ఆవిడ ఉద్యోగం కోసం నేను అబద్ధమాడతానంటే నాకే చివాట్లు! వేలెడంత ఉపకారం చేయబోతే గంపెడు తిట్లు.

ఉక్రోషం ఆగక, అయితే మీ ఇంటికొచ్చి చూసే రాస్తాను అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. "దుప్పటి తెచ్చుకో. నా దగ్గర ఒకటే ఉంది" అంది.

జూలై 27, ఆదివారం, ఉదయం

నన్ను నేను ఏమని తిట్టుకోవాలో తెలియడం లేదు. ఇన్ని మాటలు పోగేసుకున్నాను, ఒక్కటీ సరిపోవడం లేదు.

నిన్న రాత్రి సిస్టర్ ఇంట్లో భోజనమయ్యాక ఆవిడ తన మంచం పక్కన నాకు కుర్చీ వేసింది. వాచీ, పెన్ను, మంచినీళ్ళు. అచ్చం ఐసీయూలో రాత్రి డ్యూటీ. యాప్ పెట్టింది. ఆవిడ కళ్ళు మూసుకుంది, నేను తెరుచుకుని కూర్చున్నాను. పాదాలను గమనించండి అంది మేడమ్ గొంతు.

మోకాళ్ళ దాకా గుర్తుంది.

మెలకువ వచ్చేసరికి ముఖం మీద ఎండ. మెడ పట్టేసింది. ఒంటి మీద రెండు దుప్పట్లు. నాకు ఇలాంటి నిద్ర పట్టి ఎన్నాళ్ళయిందో. సిస్టర్ వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. మీరు పడుకున్నారా అని అడిగాను. తెలియదంది. నేను కుర్చీలోంచి పడిపోతానేమోనని కాసేపు చూసిందట, ఆ తర్వాత ఎదురింటి స్కూటర్ చప్పుడుకి లేచిందట. లేచారంటే పడుకున్నట్టే కదా అన్నాను.

"అది నీ ఊహ. నువ్వు చూశావా?"

ఈ మనిషితో వేగలేను.

జూలై 30

రాసిచ్చాను. "సిస్టర్ నిద్రపోయారో లేదో చెప్పలేను. ఆ సమయంలో నేను నిద్రపోతున్నాను." మేడమ్ రెండుసార్లు చదివింది. ఇన్నాళ్ళలో మొదటిసారి ఆమె దూది గొంతులో గింజ తగిలింది.

"ఇద్దరూ పడుకుంటే చూసిందెవరు?"

"ఎవరూ చూడలేదు మేడమ్. నిద్రంటే అదే కదా."

తిడుతుందనుకున్నాను. కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మిగతా ఫారాలన్నీ నా ముందుకి తోసింది. అన్నిట్లోనూ ఒకే గడి, ఒకే రంగు పెన్ను. వీటితో ఏం చేసుకోవాలి అని నన్నే అడిగింది. తర్వాత, సూపరింటెండెంట్‌కి రాయాలంటే తాను కళ్ళారా చూడాలంది. వచ్చే శనివారం తానూ వస్తానంది. తనకీ ఇంటి దగ్గర ఎదురుచూసేవాళ్ళు లేరని, ఎవరూ అడగకుండానే చెప్పింది.

సిస్టర్‌కి చెబితే, వస్తే రానీ, దుప్పటి మాత్రం తెచ్చుకోమను అంది.

ఆగస్టు 3, ఆదివారం, ఉదయం

సిస్టర్ ఇంకా లేవలేదు. స్కూటర్ వెళ్ళింది. ఎండ మంచం మీదికి వచ్చింది. నేనూ మేడమూ ఇప్పుడే, పొరపాటున, ఆవిడకంటే ముందు లేచాం. అటొకరు ఇటొకరు కూర్చుని కళ్ళారా చూస్తున్నాం. ఒక్క రాత్రి సరిపోదు, ప్రతి శనివారం చూడాలి, అలా చూస్తున్నంతవరకు ఐసీయూలోనే ఉంచండి అని మేడమ్ సూపరింటెండెంట్‌కి రాసి సంతకం పెట్టింది. కింద నాతోనూ పెట్టించింది.

కాఫీ ఎవరు పెట్టాలో సైగలతో పోట్లాడుకుంటున్నాం.