మూడో చరణంలో బావ

బావా,

నీ ఉత్తరం అందింది. మన ఉద్యమం పాట సోమవారం నుంచి రాష్ట్ర గీతమవుతోందనీ, మూడో చరణం తీసేయమని నేను కమిటీకి ఒక్క ముక్క రాస్తే చాలనీ బతిమాలావు. నువ్వు బతిమాలడం నాకు కొత్త. అందుకే రెండుసార్లు చదువుకున్నాను.

ఆ చరణం నేను వేళాకోళానికి కట్టిందే. "తుపాకి పేలితే పిండితొట్టిలో దూరిన బావ" అని ఊరేగింపులో ఎత్తుకుంటే జనం పడీపడీ నవ్వారు. ఇరవై ఏళ్లుగా నవ్వుతూనే ఉన్నారు.

మొన్న కమిటీ గుమాస్తా మా ఇంటికొచ్చాడు.

"ఈ పిరికి బావ నిజంగానే ఉన్నాడంటారా?" అన్నాడు.

"ఉండకేమండీ, మా అక్క మొగుడే!" అన్నాను.

మురిసిపోయి నీ పేరు రాసుకున్నాడు. బడి పుస్తకంలో పాట కింద వేస్తారట.

నా మేనకోడలే బడిలో ఆ పాట ఎత్తుకోవాలనీ, మూడో చరణం రాగానే పాట ఆపేసి కూర్చుంటోందనీ రాశావు. అలవాటవుతుందిలే.

కాల్పులు జరిగిన ఆ రోజు పిండిమరలో తొట్టిలో దూరింది నేననీ, నన్ను బయటికి లాగడానికి వెనక్కొచ్చి తూటా తగిలి నువ్వు కాలు పోగొట్టుకున్నావనీ మనిద్దరికే తెలుసు. నా పరువు పోతుందని అక్కకి కూడా చెప్పలేదు నువ్వు. అప్పుడే చెప్పాల్సింది. ఇప్పుడు చెబితే, పాట కింద పేరు పడ్డాక కథలల్లుతున్నాడంటారు.

కమిటీకి నేను రాయను. కవినని నాకు శాలువా కప్పుతున్నారు.

సోమవారం పాట మొదలవగానే అందరూ లేచి నిలబడాలట. నీకు కర్ర ఉందిగా, ఆనుకో.

నీ బావమరిది