ఒక్క సిరంజి

శుక్రవారం, చిత్తూరు

కోపం ఇంకా దిగలేదు. పొద్దున, కార్వేటినగరం నుంచి జ్వరంతో వచ్చిన పసిబిడ్డకు ఇంజెక్షన్ మందు సిరంజిలోకి తీస్తున్నాను. చుక్క ఎక్కువైనా ప్రమాదమే. సరిగ్గా అప్పుడే మా హెడ్ నర్సు వనజక్క, వార్డు ఫొటో తీసి ఆస్పత్రి వాట్సాప్ గ్రూపులో పెట్టమని కేకేసింది. ఆ వెంటనే, మోగుతున్న వార్డు ఫోన్ ఎత్తమంది. ఎంత మందు తీశానో నాకే అనుమానం వచ్చింది. అది పారేసి మళ్లీ మొదలుపెట్టాను.

"మందెందుకు పారేసినావు? మీ నాయన సొమ్మా అది?" అని అరిచింది.

"బిడ్డకు సూది ఏసేదాకా నన్ను పిలవద్దక్కా. ఆ ఫోను నువ్వే ఎత్తుకో," అన్నాను.

వార్డంతా వింది. వనజక్క పెద్ద డాక్టరుకు చెప్తానంది. చెప్పుకోనీ. సాయంత్రానికి బిడ్డ జ్వరం తగ్గి పాలు తాగింది. ఉద్యోగం పోతుందేమోనని భయంగానే ఉంది. అయినా, చేతిలో సిరంజి ఉన్నప్పుడు రేపు పిలిచినా పలకను.