వర్గావణె పట్టి

బొమ్మనహళ్ళి,
మార్చి 14.

అమ్మకు చైత్ర దండాలు.

ఫోనులో చెప్పలేక ఈ జాబు రాస్తున్నాను. మాది ఒకటే గది, ఏం మాట్లాడినా చిన్నమ్మ చెవిన పడుతుంది. ఇది ఆమె వినకూడనిది. ప్రిస్కిల్లా టీచర్‌గారూ, అమ్మ ఒక్కతే ఉన్నప్పుడు చదివి వినిపించండి.

ఇక్కడ ముగ్గురం బాగున్నాం. నువ్వూ నాయనా కూడా బాగున్నారని తలుస్తాను. పోయిన జాబులో చిన్నమ్మ మోకాలి గురించి అడిగించావు. వాపు తగ్గింది. చిన్నాయనకు కుడివైపు ఇంకా స్వాధీనంలోకి రాలేదు. మధ్యాహ్నం బెల్లు కొట్టగానే చిన్నమ్మ కంపెనీ నుంచి పరుగున వచ్చి, ఆయనను లేపి బయటికి తీసుకుపోయి, అన్నం తినిపించి, మళ్ళీ మిషను దగ్గరికి పోతుంది. అన్నం నేనైనా పెట్టగలను, కానీ లేపడానికి నన్ను తాకనివ్వడు. నాకు కన్నడం వచ్చిందా అని కూడా అడిగావు. ఈ జాబంతా దాని గురించే.

పోయిన ఆదివారం కంపెనీవాళ్ళు చిన్నమ్మ లైనులో కుట్టే ఇరవైరెండు మందిని తోట చూపించడానికి బస్సులో తీసుకుపోయారు. కంపెనీలో హాజరు రాసేదాన్ని కాబట్టి నేనూ వెళ్ళాను. ఎక్కేముందు సూపర్‌వైజర్ నేత్రావతక్క కన్నడంలో అచ్చయిన కాగితం ఒకటి ఇచ్చి, "చైత్రా, అందరికీ చెప్పి సంతకాలు తీసుకోమ్మా" అంది. పైన 'వర్గావణె పట్టి' అని ఉంది. అక్షరాలు మన అక్షరాల్లాంటివే కదా, బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను. వర్గం అంటే గుంపు, పట్టీ అంటే జాబితా. తోటలో గుంపులుగా తిప్పుతారు కాబోలు అనుకున్నాను. కింద ఉన్న నాలుగు వరుసలు చదవలేదు. "గుంపుల జాబితా, వేసేయండి" అని గట్టిగా చెప్పాను.

చిన్నమ్మ పక్క మిషను మునివెంకటమ్మత్త వెనకాడింది. "యేలిముద్ర అంటే బయమప్పా నాకు."

"మా చైత్ర చదివినాక నీకేం బయం? పద్నాలుగేండ్లు చదివుండాది!" అని చిన్నమ్మే ఆమె వేలు పట్టుకుని అద్దించింది.

ఎప్పుడో దొరల కాలంలో కొండవాలును మెట్లు మెట్లుగా చెక్కి వేసిన తోట అది. రాతి కాలవల్లో ఇప్పటికీ నీళ్ళు పారుతున్నాయి. పైనుంచి చూస్తే కింద చెరువంతా కనిపిస్తుంది. చిన్నమ్మ పచ్చిక చూసి, "ఇంత గడ్డి ఉండాది, ఒక్క మేకన్నా లేదే, ఎవురికి పెంచుతాండారు?" అంది. "నువ్వే మేసెయ్, నీ డబ్బాలో చిత్రాన్నం మేం తింటాం" అంది మునివెంకటమ్మత్త. అందరూ పడీ పడీ నవ్వారు. చిన్నమ్మ అంతగా నవ్వడం ఈ ఏడాదిలో నేను చూడలేదు.

మంగళవారం గేటు దగ్గర నోటీసు పెట్టారు. వర్గావణె అంటే బదిలీ అంట అమ్మా. ఏప్రిల్ ఒకటి నుంచి ఇరవైరెండు మందీ దూరాన జిగణిలో ఉన్న ఇంకో ఫ్యాక్టరీకి పోవాలి. అక్కడినుంచి మధ్యాహ్నం ఇంటికి వచ్చి పోవడం కుదరదు. చిన్నమ్మ పని మానుకోవాల్సిందే.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. "నీకు చూపించింది ఒకటి, మాతో వేయించుకునింది ఒకటి. ఆ నేత్రావతి కాగితం మార్చేసుండాది" అంటోంది. కార్మిక సంఘం గంగప్ప కూడా అదే రాయమంటున్నాడు. కాగితం మార్చారంటే సంతకాలు చెల్లవంట, విని వేశామంటే ఎవరూ ఏమీ చేయలేరంట. ఇరవైఐదున లేబర్ ఆఫీసులో అర్జీ ఇవ్వాలి. రాయాల్సింది నేనే, చదువుకున్నదాన్ని కదా. అలా రాస్తే నేత్రావతక్క పని పోతుంది. ఆమె కాగితం మార్చలేదు.

ఇంకొకటి ఉంది. ఇంతవరకూ రాయలేకపోయాను.

నాకు ఆ మాటకు అర్థం మంగళవారం తెలియలేదు. ఆదివారమే, ఆ తోటలోనే తెలిసింది. పైమెట్టు మీద నా పక్కన నిలబడి నేత్రావతక్క, "జిగణిలో ఇట్లాంటి గాలి ఉండదు, ఇప్పుడే పీల్చుకోండి" అంది. "జిగణికి ఎవరు పోతారు?" అన్నాను. "వర్గావణె అంటే బదిలీ కదమ్మా, నువ్వే కదా అందరికీ చెప్పావు?" అంది. కాగితం అప్పటికింకా ఆమె సంచిలోనే ఉంది. అడిగుంటే ఇచ్చేదేమో, ఇచ్చేది కాదేమో. నేను అడగలేదు. వెనకనుంచి ఆడవాళ్ళంతా, "టీచరమ్మా, ఈ బోర్డులో ఏముండాది? ఈ చెట్టు పేరేంది?" అని పిలుస్తున్నారు. ఒక్కో బోర్డూ చదివి చెప్పుకుంటూ సాయంత్రందాకా వాళ్ళతో నడిచాను.

అర్జీలో ఏం రాయాలో నాకు తెలియడం లేదు. చిన్నమ్మ నీ చెల్లెలు, ఆమె మనసు నీకు తెలుసు. నువ్వు ఏది చెప్తే అది చేస్తాను. జవాబు ఇరవైమూడో తేదీలోపల అందేలా టీచర్‌గారితో రాయించు. ఇంటి అడ్రసుకే పంపు. కవరు చిన్నమ్మ చేతికి వచ్చినా ఏం కాదు. చదివి వినిపించమని నాకే ఇస్తుంది.

ఇట్లు,
నీ కూతురు
చైత్ర