చుట్టానికి మంచినీళ్ళు

జనవరి 9, శుక్రవారం

బోరు వాళ్ళు సామాను సర్దుకుని వెళ్ళిపోయారు. సోలార్ పలకలు మెరుస్తున్నాయి, ఇనుప స్టాండ్ మీద నల్ల ట్యాంక్ కూర్చుంది, ట్యాప్ తిప్పితే గాలి మాత్రం దగ్గుతోంది. మొదటి రోజు కాస్త బురదనీళ్ళు వచ్చాయి. తర్వాత అవీ లేవు. అడుగున రాయి తగిలిందట.

అలిదు వచ్చాడు. మా చెల్లెలి కొడుకు, జిల్లా అసెంబ్లీలో మా జింబోగు ఊరి మెంబరు. కంగారు పడకు పెద్దమ్మా, వానలు పడితే అదే ఊరుతుంది అన్నాడు. వాడు కంగారు పడకు అన్నప్పుడల్లా నాకు కంగారు మొదలవుతుంది.

సోమవారం జిల్లా పెద్ద ఓపెనింగ్‌కి వస్తున్నాడు. నేను ఈ ఊరి మగాజియాను, ఆడవాళ్ళ పెద్దను. చుట్టం కూర్చోగానే సొరబుర్రలో మంచినీళ్ళు అందించాల్సింది నేనే. ఆయన తాగి బుర్ర తిరిగి ఇచ్చేదాకా ఎవరూ పని మాట ఎత్తకూడదు. ఎండిన ట్యాప్ పక్కన నిలబడి ఏం అందించను?

కోడలు రాబికి ఐదో నెల. పోయిన ఎండాకాలం ఊరవతల డ్యామ్ నుంచి నీళ్ళు మోసి మోసి ఒక కడుపు పోగొట్టుకుంది. బోరు వస్తుందన్న ధైర్యంతోనే ఈసారి నాకు కాస్త నిద్ర పట్టేది.

జనవరి 10

ఎవరూ చెప్పలేదు. నేనే అన్నాను. పిండి మిల్లు దగ్గర ఆడవాళ్ళంతా ఉన్నప్పుడు, చుట్టానికి ఎండిన ట్యాప్ చూపించి పంపుతామా, మన ఇళ్ళల్లో కుండలు లేవా అన్నాను. డ్యామ్ నీళ్ళు తెచ్చి ట్యాంక్‌లో పోద్దాం, ఒక్కరోజుకేగా అన్నాను.

పక్కింటి మెమునాటు నోరు ఊరుకుంటుందా? ఆవుకి మనమే పాలు తాగించి మనమే పిండుకోవాలన్నమాట, బాగుంది మగాజియా అంది. అందరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే బేసిన్లు ఎత్తారు.

రాబి కూడా ఎత్తింది. నువ్వొద్దే అన్నాను. చుట్టం నాకు మాత్రం చుట్టం కాదా అత్తా అంది.

జనవరి 12, సాయంత్రం

జిల్లా పెద్ద ట్యాప్ తిప్పాడు. నీళ్ళు ధారగా పడ్డాయి. గుడ్డతో వడగట్టి పోశాం కాబట్టి తేటగానే ఉన్నాయి. బుర్ర పట్టి మోకాళ్ళ మీద వంగి ఇచ్చాను. గటగటా తాగి, మా టౌన్ నీళ్ళకంటే మీవే తియ్యగా ఉన్నాయమ్మా అన్నాడు. ఫోటోలు తీశారు. డప్పులు కొట్టారు. జిల్లాలో దాహం తీరిన ఊళ్ళలో ఇదొకటి అని మైకులో చెప్పారు. మెమునాటు నాకంటే ఎక్కువ గెంతింది.

చుట్టం కార్లు దుమ్ములో కలిసిపోయాక ట్యాప్ మళ్ళీ దగ్గింది.

జనవరి 13

పిల్లలు ట్యాప్ కింద బకెట్లు వరుసగా పెట్టారు. తియ్యమని చెప్పడానికి నోరు రాలేదు.

ఫిబ్రవరి 4

అలిదుని బతిమాలి జిల్లా ఆఫీసుకి వెళ్ళాను. దారంతా ఏం చెప్పాలో గొణుక్కుంటూనే ఉన్నాను. నీళ్ళ ఆఫీసరు కుర్రవాడు, మర్యాదస్థుడు. ముందు నాకు మంచినీళ్ళ ప్యాకెట్ ఇచ్చాడు. తాగాక, బోరు ఎండిందయ్యా అన్నాను. అదేంటి అమ్మా, స్వయంగా నీళ్ళిచ్చింది మీరేగా అని గోడ వైపు చూపించాడు. గోడ మీద నేను. బుర్ర పట్టుకుని, పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ.

రెండో విడత బోరు మిషను నీళ్ళు లేని ఊళ్ళకే వెళ్తుందట. మా ఊరు అందులో లేదు. ఆ నీళ్ళు మేము పోసినవే అని చెప్పబోయాను. అలిదు నా మోచెయ్యి పట్టుకున్నాడు.

బయటికొచ్చాక గొంతు తగ్గించి, ఇప్పుడు చెబితే జిల్లా పెద్దని మోసం చేసిన ఊరు అంటారు, మనకి కట్టిస్తామన్న క్లినిక్ గదులూ ఆపేస్తారు, నా మెంబరు పని సరే, మన ఊరి రాజు మొహం ఎక్కడ పెట్టుకుంటాడు పెద్దమ్మా అన్నాడు. వాణ్ణి తిట్టలేకపోయాను. ఒక్కరోజుకేగా అన్నది నేను కదా.

ఫిబ్రవరి 19

రాజధాని నుంచి ఎవరో మా ట్యాప్ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మళ్ళీ మోశాం. డ్యామ్‌లో నీళ్ళు బాగా లోపలికి పోయాయి, బురదలో దిగి ముంచాలి. ఈసారి ఎవరూ నవ్వలేదు. నీ చుట్టాలు ఎక్కువైపోయారు మగాజియా అంది మెమునాటు. వాళ్ళూ తాగారు. వాళ్ళూ తియ్యగా ఉన్నాయన్నారు.

మార్చి 11

రాబి డ్యామ్ గట్టున జారి పడింది. రక్తం కనిపించింది. మోటారు బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి టౌన్ క్లినిక్‌కి తీసుకుపోయారు. వెనక పరుగెత్తాను, ఎంత దూరం పరుగెత్తగలను?

రాత్రి బడిలో రాయడం నేర్చుకున్నందుకు ఏడుపొస్తోంది.

మార్చి 12

బిడ్డ నిలిచింది. కానుపు అయ్యేదాకా తల మీద గిన్నె కూడా పెట్టొద్దని నర్సు గట్టిగా చెప్పింది. ఇంటికి ఇక నేనే మోయాలి. పొద్దున ఒక బేసిను తెచ్చేసరికి మెడ పట్టేసింది. రాబి చాప మీద పడుకుని నన్నే చూస్తూ, రేపు నేను వెళ్తానులే అత్తా అంది. నోర్ముయ్యమన్నాను. వెళ్తుంది అది. నాకు తెలుసు.

మార్చి 20

జిల్లా పెద్ద సోమవారం మళ్ళీ వస్తున్నాడు, తనకంటే పెద్ద పదవిలో ఉన్నవాణ్ణి వెంటబెట్టుకుని. మోయమని ఆడవాళ్ళని అడగలేదు. వాళ్ళూ అడగలేదు. నోటితో చెప్పొద్దని రాజు కబురు పంపాడు, చుట్టాన్ని సభలో అవమానించిన ఊరనే పేరు మనకొద్దన్నాడు. సరే, నోటితో చెప్పను. ఖాళీ బుర్ర ఇస్తాను. మా దగ్గర ఖాళీ బుర్ర అందుకున్నవాడు లేచి వెళ్ళిపోతాడు, లేదా ఎందుకని అడుగుతాడు. అడిగితే చాలు.

మార్చి 23, సోమవారం

ట్యాప్ ఎవరూ తిప్పలేదు. ఖాళీ బుర్ర రెండు చేతులతో అందించాను. వెంట వచ్చిన పెద్దవాడు లోపలికి చూశాడు. నన్ను చూశాడు. ఆయన బుర్ర ఎత్తి పెదాలకి ఆనించాడు. గొంతు కదిలింది. నోరు తుడుచుకుని, చల్లగా ఉన్నాయమ్మా అన్నాడు.

అందరూ చప్పట్లు కొట్టారు. బుర్ర తిరిగి అందుకుని నేనూ లోపలికి చూశాను, ఏమైనా మిగిల్చాడేమోనని.