పటం కట్టించిన పన్ను రసీదు

తమ్ముడు రోమెల్‌కి,

బతంగాస్‌లో సముద్రం కనిపించే కొండ కొన్నావని, ఫాదర్‌తో పవిత్ర జలం చల్లించావని, కోడిని కోసి పునాదిలో రక్తం పోయించావని రాశావు. సంతోషం. అన్నీ చేశావు గానీ, పట్టా ఏదని అమ్మిన తెమ్యోని అడగడానికి మాత్రం నీకు నోరు రాలేదు.

పట్టా లేకుండా అప్పివ్వనన్న బ్యాంకువాడు మూర్ఖుడా? అద్దె గదులు కట్టడానికి నేను హామీ సంతకం పెట్టాలా? పైగా, "పన్ను రసీదు నా పేరునే ఉందక్కా, పటం కట్టించా" అంటావా! ఒరే మేధావీ, ఇరవై ఏళ్లుగా ఆ పన్ను కౌంటర్లో కూర్చున్నదాన్ని నేను. ఎవడు కట్టినా తీసుకుంటాను. భూమి నీదేనా అని ఒక్కణ్ణీ అడగను. ఆ కొండకి ఈ ఏడు నీతోపాటు ఒక పళ్ల డాక్టరూ, ఒక రిటైరైన పోలీసూ పన్ను కట్టారు.

నిన్న నాలుగో మనిషి వచ్చింది. హాంకాంగ్‌లో పదేళ్లు ఇళ్లలో పనిచేసి కూడబెట్టిందంతా తెమ్యో చేతిలో పోసిందట. ఎలా నమ్మావమ్మా అంటే, వాడు పంపిన ఫోటో చూపించింది. నీ గోడ, నీ పటం, పక్కన ఇకిలిస్తూ నువ్వు.

నీకు ఇంకో సంతకం పెట్టను. ఆ రసీదు మీద ఇప్పటికే ఒకటి పెట్టాను. ఆవిడ మునిగింది దాన్ని చూసే.

మీ అక్క