పోలరాజు గారింటి వైర్‌లెస్ తాళం

వన్ టౌన్, విజయవాడ
4-8-2008

రామకోటేశ్వరరావు బావగారికి, చేపల పోలరాజు రాసేది. మేం బాగున్నాం. మీరు ఎప్పుడూ బాగానే ఉంటారు.

మా శివాజీకీ మీ అమ్మాయికీ పెళ్లయి ఇరవై ఏళ్లు. ఆ పెళ్లి ఫోటోలో మీరు నడిమధ్య కుర్చీలో ఉన్నారు. నేను అంచున, ఒక చెయ్యి ఫోటోలో పడకుండా ఉన్నాను. మీరు హెడ్మాస్టరు గదా అని ఇన్నాళ్లూ నోరు మూసుకున్నాను. మనవరాలి దగ్గర మాత్రం మూసుకోను. ఉష ఆదివారం వస్తే చాలు, హాస్టల్ నుంచి ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని పటమటలో మీ ఇంటికే పోతోంది. ఎందుకే అంటే "అక్కడ వైర్‌లెస్ ఉంది తాతయ్యా" అంటోంది. మా ఇంట్లో కొర్రమీను పులుసు ఉంది. దానికి విలువ లేదు.

అందుకని నేనూ పెట్టించాను. కంప్యూటర్ షాపు ఏసుపాదం వచ్చి గోడకి రెండు కొమ్ముల డబ్బా బిగించాడు. తాళం మాట, అదే పాస్‌వర్డు, పెట్టకపోతే ఎదురు లాడ్జీలో దిగినోళ్లంతా మన నెట్టు వాడేస్తారన్నాడు. అదీ పెట్టించాను. ఈ ఆదివారం పిల్లని మా ఇంటికి పంపండి.

ఇట్లు,
పోలరాజు

మరో మాట: ఫోను చెయ్యకండి. ఫోనులో మీరు ఇంగ్లీషులోకి దిగుతారు. మీ డబ్బాకి ఒకటే కొమ్మట గదా, కనుక్కున్నాను.

పటమట
11-8-2008

గౌరవనీయులైన పోలరాజు బావగారికి నమస్కారములు.

ఉషను నిన్న పొద్దున్నే మీ ఇంటికి పంపాను. మధ్యాహ్నం భోజనానికి ముందే ముఖం ముడుచుకుని తిరిగి వచ్చింది. మీరు చేపల మార్కెట్లో ఉన్నారట. తాళం మాట ఏమిటని అడిగితే మంగాయమ్మ చెల్లెమ్మ, "నాకు తెలుసు గానీ చెప్పకూడదమ్మా, ఒట్టు పెట్టినా చెప్పను" అన్నదట. సొంత మనవరాలికి కూడా చెప్పవద్దని మీరు కట్టడి చేశారని పిల్ల కంటతడి పెట్టింది. కొత్త వస్తువు మీద మీ మమకారం నాకు అర్థమవుతుంది. పిల్ల మీద అనుమానమే అర్థం కాలేదు. ఇకపై ఆమె ఆదివారాలు మా ఇంట గడపడమే మంచిదని నా అభిప్రాయం.

భవదీయుడు,
రామకోటేశ్వరరావు

తా.క. కొమ్ము ఒకటే అయినా మాది పెరటి దాకా అందుతుంది.

వన్ టౌన్
18-8-2008

బావగారికి పోలరాజు మళ్లీ రాసేది.

మీ ఉత్తరం చూసి మంగాయమ్మ మీద కేకలేశాను. పిల్లకి ఎందుకు చెప్పలేదే అంటే, "ఎట్టా చెప్పను, మీ పేరే పెట్టారుగా" అంది. నిజమే. మా ఇంట్లో నెట్టు కావాల్సిన ప్రతివాడూ నా పేరు కొట్టాలని 'పోలరాజు' అనే పెట్టించాను. పెళ్లయిన కాడ్నించీ ఆవిడ నా పేరు నోటంట అనలేదు. రేషను షాపులో కూడా "శివాజీ వాళ్ల నాన్న" అనే అంటుంది. డబ్బా పెట్టించే ఆవేశంలో ఆ సంగతి నాకు తట్టలేదు.

ఏసుపాదాన్ని పిలిచి, ఆవిడ పలకగలిగే పేరేదో అడిగి పెట్టమని చెప్పి నేను వేలంపాటకి పోయాను. నిన్న ఇంటికొచ్చేసరికి ఉష పీట మీద కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్‌తో పులుసన్నం తింటోంది. నా కడుపు నిండింది. ఏం పేరు కొట్టావే అన్నాను. పిల్ల నవ్వింది. మంగాయమ్మే చెప్పింది: "అన్నయ్యగారి పేరు పెట్టించానండి. చదువుకున్నాయన గదా, కలిసొస్తుందని."

మీ పేరు. నా గోడ మీద, నా కరెంటుతో.

మార్చమని ఏసుపాదాన్ని పట్టుకున్నాను. "పోలరాజు అంటే వీధిలో ఎవడైనా కనిపెట్టేస్తాడండీ. ఇంత పొడుగు పేరు లాడ్జీ వాళ్లు జన్మలో కొట్టలేరు, ఉండనీండి" అన్నాడు.

ఉష ఒక ఆదివారం మా ఇంట్లో, ఒక ఆదివారం మీ ఇంట్లో ఉంటానంటోంది. ఒప్పుకున్నాను. ఇక్కడ మీ పేరు కొడుతోంది గనక, అక్కడ నా పేరు కొట్టాల్సిందే. మీ తాళం మార్పించండి. పొట్టిదంటారేమో, ముందు 'చేపల' తగిలించుకోండి.

ఇట్లు,
పోలరాజు

మరో మాట: మీ ఆవిడ సుధామణి చెల్లెమ్మకి నా పేరు పలకడానికి అడ్డేమీ లేదు. శుక్రవారం లోగా మార్పించినట్టు జవాబు రావాలి.