మూడుసార్లు ‘ఊఁ’

చిరంజీవి అడోమాకోకు,

మామయ్య బ్రెంపాంగ్ దీవించి రాయిస్తున్నది. మీ అత్త పొమా అలిగి కుమాసిలో వాళ్ల అన్నగారింట్లో కూర్చుని మూడు నెలలైంది. ‘ముప్పై ఏళ్లు చెప్పాను, ఒక్క మాటా వినలేదు’ అంటుందట. ఏం చెప్పిందో నాకైతే గుర్తులేదు. మొగుడే వెళ్లి బతిమాలడం మన పద్ధతి కాదు. నువ్వు నా మేనల్లుడివి. మర్యాదకు రెండు ష్నాప్స్ సారా సీసాలు పట్టుకెళ్లి నా తరఫున మాట్లాడి తీసుకురా.

ఇట్లు,
మామయ్య

తా.క. ఇది రాస్తున్న డొంకోర్ పంతులి మాట: ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయన మూడుసార్లు కోళ్ల దగ్గరికి వెళ్లొచ్చారు.

*

మామయ్యకు నమస్కారాలు.

వెళ్లాను. మంచినీళ్లిచ్చి, వచ్చిన పనేమిటన్నారు. చెబుతుండగా గోడ మీద ఆగిపోయిన గడియారం కనిపించింది. దాని సంగతి అడిగాను. అత్త అన్నగారు ‘మా చెల్లెలు తిరిగి...’ అంటుంటే, ‘రాదు, అంతేగా!’ అనేశాను. ఆయన అనబోయింది ‘వస్తుంది’ అని! సీసాలు వెనక్కిచ్చేశారు.

తను వెళ్లే ఆసుపత్రికే అత్త నన్నూ లాక్కెళ్లింది. ఇది ధ్యాస నిలవని జబ్బట. ఎదుటివాళ్ల మాట చివరిదాకా పట్టుకోలేనట, నా మాట ఆపుకోలేనట. పొగరు కాదట. నలభై మూడేళ్లకి ఆ మాట విని ఏడ్చాను మామయ్యా. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. లేదన్నాను.

ఇట్లు,
అడోమాకో

తా.క. అత్తకు సోమవారం ఆపరేషన్. ‘పద్ధతులు వదిలేసి ఆదివారంలోగా ఆయన్నే రమ్మను. ఒక్కసారి చివరిదాకా వింటే చాలు’ అంది. ఉత్తరం మన ఊరొచ్చే ట్రోట్రో బండి డ్రైవరు చేతికిస్తున్నాను.

*

అడోమాకోకు,

నేను పంపిన సీసాలు వెనక్కిస్తారా? అంత చులకనైపోయానా? అక్కడే ఉండమను. ఈ గుమ్మం తొక్కక్కర్లేదు.

ఇట్లు,
మామయ్య

తా.క. పంతుల్ని. మీ తా.క. ఆయనకు మూడుసార్లు చదివి వినిపించాను. రేడియో బాగుచేసుకుంటూ మూడుసార్లూ ‘ఊఁ’ అన్నారు. విన్నారనే అనుకున్నాను.

*

మామయ్యకు,

మీ ఉత్తరం ఆదివారం సాయంత్రం అందింది. అత్తకు చదవలేదు. మీరు దారిలో ఉన్నారని అబద్ధమాడాను. గేటు వైపే చూస్తూ, మీకు చెప్పాలనుకున్నది నాకు చెప్పింది. మధ్యలో నోరు పెట్టకుండా కాగితం మీద రాసుకుంటూ విన్నాను. రెండేళ్లుగా ఫూఫూ ముద్ద వడ్డిస్తూ ‘కడుపులో గడ్డలా తగులుతోందయ్యా’ అనేదట. ‘ఉప్పు సరిపోయింది’ అనేవారట మీరు. చెబుతూ నవ్వింది కూడా.

సోమవారం ఆపరేషన్ బల్ల మీదే పోయింది మామయ్యా.

అడోమాకో

*

నాయనా అడోమాకో,

నీ రెండుత్తరాలూ పంతులి చేత నాలుగేసిసార్లు చదివించుకున్నాను. ఒక్కసారీ మధ్యలో లేవలేదు. ఇంకెవరికైనా ఉందా అని అడిగితే డాక్టరమ్మకు లేదన్నావు. మీ అమ్మ నా తోడబుట్టిందిరా. నీది నా రక్తమే. ఆ జబ్బుకో పేరుందని నీకు తెలిసింది, పొమాకి తెలిసింది. నాకే ఆలస్యంగా తెలిసింది. ఇన్నేళ్లూ పొమా నన్ను తనంటే లెక్కలేని మనిషనుకుంది. నాకు అది తప్ప ఎవరూ లేరురా.

ఇట్లు,
బ్రెంపాంగ్

తా.క. వాళ్ల అన్నగారింటికి నా తరఫున ఇంకెవరూ వెళ్లొద్దు. రేపు నేనే వస్తున్నాను. ఆయన ఎన్ని తిట్లు తిట్టాలనుకుంటే అన్నీ తిట్టమను. చివరిదాకా వింటాను.